బంగారం తీసిన టోపీ

అది శుక్రవారం. పొద్దున పదకొండు గంటల పది నిమిషాలు. అప్పటికి నాకు గడియారం చూడటం రాదు. అయినా టైము ఇంత గట్టిగా చెప్తున్నానంటే కారణం ఉంది. హాలండు నర్సమ్మ జీపు దిగి దుకాణం మెట్టు మీద కాలు పెట్టగానే యాకూబ్ సాబ్, "పదకొండున్నరకు లేస్త నర్సమ్మా, జుమ్మా నమాజుకు పోవాలె" అన్నాడు. ఆమె చేతి గడియారం చూసుకుని, "ఇంకా ఇరవై నిమిషాలున్నయి సాబ్, మస్తు టైము" అంది. ఆ ఇరవై నిమిషాల్లో అయిపోవాల్సిన పని పొద్దు వాలేదాకా పట్టింది. సాబ్ ఆ రోజు జుమ్మాకు పోలేదు. దానికి కారణం నేను.

మొన్న మా ఇంటి కిటికీ చువ్వలకు రంగు వేయడానికి ఒక మనిషి వచ్చాడు. డబ్బా మూత లేపి, టార్పిన్ పోసి, కర్రపుల్లతో కలిపాడు. వంటింట్లో ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్నదాన్ని, ఆ వాసన తగలగానే చేతులు ఆపేశాను. ఈ కాలం గోడల రంగులకు వాసనే ఉండదు. ఇనుముకు వేసే రంగులోనే ఆ పాత ఘాటు మిగిలింది. "తలనొప్పి లేస్తదమ్మా, బయట కూసోరాదు" అన్నాడా మనిషి. "నువ్వు నీ పని చేస్కో నాయనా" అన్నాను. ఆ వాసనలో నేను పన్నెండేళ్లు బతికాను. ముప్పై దాటిన తర్వాత అక్షరాలు నేర్చుకున్నదీ ఆ వాసనలోనే. మిరపకాయలు పక్కకు నెట్టి, మనవరాలి నోటు పుస్తకంలో ఇది రాయడానికి కూర్చున్నాను. సాబ్‌ను మీలో ఎవరూ చూసి ఉండరు. అందంగా రాయడం నాకు రాదు, ఉన్నది రాస్తాను.

యాకూబ్ సాబ్‌ది ఇల్లందు బజారులో చిన్న దుకాణం. ముందు భాగంలో సైన్‌బోర్డులు రాసేవాడు. లోపల, వెలుతురు బాగా పడే కిటికీ దగ్గర, బొమ్మలు వేసేవాడు. బొమ్మలంటే పోయినవాళ్ల బొమ్మలు. చిన్న ఫోటో ఇస్తే దాన్ని గోడకు పెట్టుకునేంత పెద్దగా, రంగుల్లో చేసి ఇచ్చేవాడు. ఫోటో మీద గళ్లు గీసిన అద్దం పెట్టి, గుడ్డ మీద అన్నే పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి తెచ్చేవాడు. బొగ్గు గనుల వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, అడవి లోపలి ఊళ్ల వాళ్లు అందరూ వచ్చేవారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గడ్డానికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉండేది. కోపం తక్కువ, ఎగతాళి ఎక్కువ.

నేను లంబాడి మనిషిని. మాది ఇల్లందుకు ఆరు మైళ్ల దూరంలో తండా. నా మొగుడు జ్వరం వచ్చి తొమ్మిదో రోజున పోయాడు. నాకప్పుడు ముప్పై కూడా లేవు, చంకలో ఒక ఆడపిల్ల. మాలో పెళ్లయిన ఆడది చెంపలకు రెండు పక్కలా వెండి టోప్లీలు వేలాడేసుకుంటుంది. జుట్టు పాయల్లో అల్లి కట్టే నగలవి, నడిస్తే మువ్వల చప్పుడు వస్తుంది. మొగుడు పోతే తీసేస్తారు. మా అత్త, తండా ఆడవాళ్లు నన్ను మధ్యలో కూర్చోబెట్టి, తలా ఒక పాయ విప్పి, నా టోప్లీలు తీశారు. ఎవరూ మోటుగా చేయలేదు, అందరూ ఏడుస్తూనే చేశారు. నన్ను అడగలేదు, అంతే. తర్వాత చాలా నెలలు చెంపల దగ్గరి వెంట్రుకలు ఆ బరువుకు అలవాటుపడిన వంపులోనే నిలబడి ఉండేవి. నగ ఉన్న చోటు, నగ తీసిన చోటు ఒకేలా ఉండవు. ఆ తేడా తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

మొగుడి బొమ్మ చేయించుకుందామని సాబ్ దుకాణానికి పోయాను. నా దగ్గర ఉన్న ఫోటో గోరంత ఉంటుంది. సాబ్ దాన్ని పక్కన పెట్టి, నా రవిక మీది అద్దాల కుట్టు చూశాడు.

"ఇది ఎవరు కుట్టిన్రు?"

"నేనే."

"ఏం పని చేస్తవ్?"

"మిర్చి ఏరబోత."

"గీ చెయ్యికి మిర్చి తోటల ఏం పనే? రేపటి సంది ఇటు రా. రంగు నింపుదువు."

అలా చేరాను. మొదట్లో బోర్డుల మీద ఆయన సుద్దముక్కతో అక్షరాల గీతలు గీస్తే, నేను లోపల రంగు నింపేదాన్ని. అక్షరమంటే నాకు అప్పుడు రంగు పోసే గుంట, అంతే. ఒకసారి చండ్రుగొండలో బస్సులు ఆగేచోట ఒక పొడుగాటి గోడ రాశాం. రెండు రోజులు ఎండలో నిలబడి ఎర్ర రంగు నింపాను. పెద్ద పెద్ద అక్షరాలు, ఏ దేవుడి పేరో అనుకున్నాను. అయిపోయాక చెప్పులు విడిచి, గోడకు దండం పెట్టాను. సాబ్ కుంచె కింద పడేసి, కడుపు పట్టుకుని కూర్చుని నవ్వాడు.

"ఎందుకు దండం పెడ్తివే?"

"దేవుని పేరు కాదా సాబ్?"

"ఇక్కడ ఎవరూ మూత్రం పోయొద్దని రాసినం ద్వాలీ."

సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులో ఇల్లందు వచ్చేదాకా ఆయన వైపు చూడలేదు. మర్నాడు పలక కొని తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏం నింపుతున్నవో తెల్వకుంట నింపుడు నా దుకాణంల నడువది. కూసో" అన్నాడు. ఆయనకు చిన్నప్పుడు వచ్చింది ఉర్దూ ఒక్కటే. తెలుగు అక్షరాలు బోర్డుల కోసమే నేర్చుకున్నాడట. కష్టపడి నేర్చుకున్న మనిషి కాబట్టి, నా కష్టం ఎక్కడుందో ఆయనకు తెలుసు. రాయడం నా చేతికి ముందే వచ్చు. చదవడం ఆరు నెలలకు వచ్చింది.

పోయినవాళ్ల బొమ్మలకు మా పనిలో ఒక మర్యాద ఉండేది. ఉన్నది ఉన్నట్టు ఎవరూ చేయించుకోరు. ముసలమ్మ చిరిగిన చీరలో ఫోటో దిగి ఉంటుంది. కొడుకు వచ్చి, "జరీ అంచు పెట్టు సాబ్, మెడల గుండ్ల పేరు పెట్టు" అంటాడు. భర్త పోయిన ఆడదానికి బొట్టు పెట్టమనేవాళ్లు కూడా వచ్చేవారు, "మా నాయిన ఉన్నప్పటి లెక్క చెయ్యి" అని. సాబ్ చేసేవాడు. "బతికినప్పుడు ఇయ్యనిది పోయినంక నాతోని ఇప్పిస్తున్నరు" అని నవ్వేవాడు. అలా నా చేతులతో ఎంతమంది తల్లులకు నగలు పెట్టానో లెక్క లేదు.

నేను చేరిన మూడో ఏటికి సాబ్ కళ్లు పోవడం మొదలైంది. నీటికాసులు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. మందు చుక్కలు వేసుకునేవాడు గానీ పోయిన చూపు మళ్లీ రాదు. ఈ సంగతి ఇంట్లో ఆయన భార్య బీబమ్మకు, దుకాణంలో నాకు మాత్రమే తెలుసు. బజారులో మాత్రం గుసగుసలు లేచాయి. ఒకరిద్దరు ఇచ్చిన ఫోటోలు వెనక్కి తీసుకుపోయారు. గళ్ళు నేను గీసేదాన్ని, ముఖాలూ నేనే వేసేదాన్ని. ఆయన పక్కన కూర్చుని, "ముక్కు పక్క నీడ ఏ రంగున్నది? చెప్పు" అని అడిగి, ఏ రంగులో ఏది కలపాలో చెప్పేవాడు. బొమ్మ కింద మాత్రం ఆయన పేరే ఉండేది.

అప్పుడు వచ్చింది మరికమ్మ పని. ఆమె అసలు పేరు మరైకె. హాలండు దేశం నుంచి వచ్చి, భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఉన్న చిన్న దవాఖానాలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా చేసింది. కాన్పులు, పాముకాట్లు, మలేరియా అన్నీ ఆమే. మా తెలుగు మాకన్నా జోరుగా మాట్లాడేది. తల్లి పోయిందని ఉత్తరం వచ్చిన నెలకు ఒక చిన్న ఫోటో పట్టుకుని దుకాణానికి వచ్చింది. దానితో పాటు ఒక రంగుల కార్డు కూడా తెచ్చింది. కార్డు మీద వాళ్ల దేశపు చిత్రకారుడెవరో వేసిన ఆడమనిషి బొమ్మ ఉంది.

ఆ బొమ్మను నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె తల మీద పెద్ద తెల్ల టోపీ, ముఖానికి రెండు పక్కలా చేటంత వెడల్పుగా విచ్చుకుని ఉంది. అంచుకు లేసు, దాని వెనక భుజం కనిపించేంత పలుచన. రెండు కణతల దగ్గరా స్ప్రింగులా చుట్టలు తిరిగిన బంగారం. మెడలో ఎర్ర పగడాలు.

"సముద్రం పక్కన మా ఊర్ల ఆడోళ్లు గిట్ల పెట్టుకుంటరు" అంది మరికమ్మ. "టోపీ లోపల వెనక నుంచి లోహపు పట్టీ ఉంటది. దాని కొసలు కణతల కాడ బయటికి వస్తయి, వాటికి బంగారం తగిలిస్తరు. టోపీ చూస్తే చాలు, ఆమెది ఏ ఊరో, ఏ గుడికి, అదే చర్చికి, పోతదో తెలుస్తది."

"మా లెక్కనే" అన్నాను. "మా నగ చూస్తే పెండ్లయిందో లేదో తెలుస్తది."

"అవ్, గట్లనే" అని నవ్వి, సాబ్ వైపు తిరిగింది. "కార్డు రంగుల కోసమే సాబ్. మా అమ్మ ఫోటోల ఎట్లున్నదో గట్లనే రావాలె. దవాఖానాల పెట్టుకుంట."

ఆమె వెళ్లాక సాబ్ కార్డును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "ద్వాలీ, దవాఖానాకు రోజూ ఎంతమంది వస్తరు? అందరు గా బొమ్మ చూస్తరు. యాకూబ్‌కు కండ్లు పోయినయంటున్న నోర్లు మూతపడుతయి. గీ బొమ్మ నిలబడ్తే దుకాణం నిలబడ్తది. లేకుంటే నువ్వు మళ్ల మిర్చికి పోతవ్, నేను మసీదు మెట్ల మీద కూసుంట."

రెండు వారాలు ముఖం వేశాను. టోపీకి ముందుగా ఉత్త తెల్ల గుడ్డలా రంగు పూసి ఆరనిచ్చాను. అప్పుడు సాబ్ అడిగాడు, "భూతద్దం పెట్టి చూడు. ఫోటోల అంచుకు లేసు ఉన్నదా? కణతల కాడ బంగారం ఉన్నదా?"

చూశాను. లేసు లేదు. టోపీ అంచు మడిచి కుట్టిన ఉత్త గుడ్డ. కణతల దగ్గర లోహపు కొసలు రెండు, గింజంత, బోడిగా బయటికి కనిపిస్తున్నాయి. వాటికి ఏమీ లేదు. చూడగానే నాకు అర్థమైంది. నగ తీసిన చోటు అది. ఈమె మొగుడు పోయాడు.

"ఉన్నది సాబ్" అన్నాను.

"ఎట్లున్నది?"

"కార్డుల ఉన్నట్టే."

ఎందుకు చెప్పానో ఇన్నేళ్లు ఆలోచించాను. మా పనిలో మర్యాద అదే కదా అని సర్ది చెప్పుకోవచ్చు. అబద్ధం. ఆ బోడి కొసలు చూసి నా చెంపలు మండాయి. ఈమెకైనా ఉండనీ అనుకున్నాను. నా చేతిలో కుంచె ఉంది, అడ్డుచెప్పే తండా లేదు. ఎదురుగా ఉన్న మనిషికి కళ్లు కనబడవు. చూడలేనివాడికి ఉందని చెప్పాను. అదీ నేను చేసిన పని.

సాబ్ నమ్మాడు. అంతేకాదు, లేసు వేయడం నేర్పడానికి రెండు రోజులు పెట్టాడు. తన తల మీది అల్లిక టోపీ తీసి, కుండ బోర్లించి దానికి తొడిగి, కిటికీ ముందు పెట్టించాడు. అన్నం తెచ్చిన బీబమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"తోబా! నమాజు టోపీని కుండకు పెడ్తివా? రేపు కుండను మసీదుకు తోలుతవా?"

"నాకన్న గదే నిమ్మళంగ కూసుంటది బేగం" అన్నాడు సాబ్.

నేను తెల్ల రంగు ట్యూబు మూత తీశాను. "మూత పెట్టు" అన్నాడు చప్పుడు విని. "తెల్ల మీద తెల్ల పెడ్తే ఏం కనబడ్తది? టోపీల తెలుపు ఎంతున్నదో చూడు. కొంచెం నీలం ఉంటది, కొంచెం బూడిద, వెలుతురు పడ్డకాడ పసుపు. నువ్వు తెలుపనుకునేది చూడకు, కండ్ల ముందరున్నది చూడు." రెండు రోజులూ ఆ మాటే చెప్పాడు. నేను తలూపుతూనే, ఫోటోలో లేని లేసును ఒక్కో రంధ్రంగా వేశాను. చాలా బాగా వచ్చింది, ఆ మాట దాచను. బంగారం ఇంకా బాగా వచ్చింది.

ఆ శుక్రవారం బొమ్మ పైన గుడ్డ కప్పి పెట్టాం. గనిలో పనిచేసే ఓదెలు తన తండ్రి ఫోటో ఇవ్వడానికి వచ్చి, చూసిపోదామని బల్ల మీద కూర్చున్నాడు. దవాఖానా జీపు నడిపే సోడె రాములు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బీబమ్మ కూడా చూద్దామని లోపలికి వచ్చింది. సాబ్ గుడ్డ లాగాడు.

ఓదెలు "అబ్బా" అన్నాడు. మరికమ్మ బొమ్మ ముందు నిలబడింది. దగ్గరికి వచ్చింది, వెనక్కి పోయింది, మళ్లీ దగ్గరికి వచ్చింది.

"ముఖం మా అమ్మదే" అంది. "కానీ ఈ మనిషి మా అమ్మ కాదు. నాకు బుద్ధి తెలిసిన సంది మా అమ్మ కణతకు బంగారం లేదు. మా నాయిన పడవ మునిగి పోయిండు, అప్పటి సంది లేదు. ఫోటోల లేనిది ఎవరు పెట్టిన్రు?"

సాబ్ ముఖం నేను నిలబడ్డ వైపు తిరిగింది. ఒక్క క్షణమే. ఆయనకు మొత్తం అర్థమైపోయిందని నాకు తెలిసింది. మళ్లీ ఆమె వైపు తిరిగి, "నేనే పెట్టిన నర్సమ్మా. పోయినోళ్లకు పెట్టుడు మా రివాజు. కింద నా పేరుంటది, తప్పు నాదే" అన్నాడు.

"సాబ్" అంది మరికమ్మ మెల్లగా. "నీకు కనిపిస్తలేదని నాకెరుక. నువ్వు మెట్టు దిగేటప్పుడే చూసిన. చేసినామె చెప్పాలె."

ఓదెలు తల ఎత్తి సాబ్ వైపు చూశాడు. బజారుకు తెలియకూడదని ఇన్నేళ్లు దాచింది ఓదెలు ముందు బయటపడింది. దుకాణం ఆ మాటతోనే పోయిందనుకున్నాను. బీబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెంటనే ఒప్పుకున్నానని రాస్తే బాగుంటుంది. ఒప్పుకోలేదు. ఓదెలు బీడీ ముట్టించి సగం తాగేంతసేపు నోరు తెరవలేదు. తర్వాత అన్నాను:

"నేను పెట్టిన. సాబ్ అడిగిండు, ఉన్నదని అబద్ధం చెప్పిన. లేదని చూసే పెట్టిన."

"ఎందుకు?"

"నాకు తీసిన్రు. ఈమెకు కూడ తీసిన్రని అర్థమైంది. ఉండనీ అనుకున్న."

మరికమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"మా అమ్మకు ఎవరూ తియ్యలేదు ద్వాలీ. దుఃఖం దినాలల్ల మా దిక్కు కూడ తీస్తరు. కానీ అవి అయిపోయినంక మా మేనమామ వచ్చి, ఇగ పెట్టుకో అన్నడు. అమ్మ పెట్టుకోలే. అమ్మేసింది. గా పైసలు దాచి, వాటితోనే నన్ను నర్సు సదువుకు పంపింది. ఆదివారం గుడికి పోతే అందరి కణతలు మెరుస్తుంటయి, మా అమ్మవి రెండు బోడి కొసలు. తల దించకుంట నడిచేది. గా బోడి కొసలు లేకుంటే నేను ఈడ లేను. నువ్వు వాటి మీద బంగారం పెడ్తివి."

నేను బొమ్మ మీది బంగారం వైపు చూశాను.

సాబ్ లేచి, గోడ తడుముకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "బంగారం పెట్టి మూడు దినాలైంది, పచ్చిగనే ఉంటది. కింద గుడ్డ రంగు ఆరి ఉన్నది. టార్పిన్ తీస్కో. తుడువు" అన్నాడు. "నర్సమ్మా, కూసుంటవా?"

"కూసుంట."

"ద్వాలీ, ఫోటో ఎడమ చేతిల పట్టు. తుడిచే ముందర ఏం కనబడ్తున్నదో నాకు చెప్పు. గట్టిగ చెప్పు. ఈసారి నాకే కాదు, అందరికి వినబడాలె."

మెత్తటి గుడ్డను టార్పిన్‌లో ముంచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుడి కణత కాడ లోహపు కొస ఒకటి. గింజంత. బోడిగ ఉన్నది." తుడిచాను. "ఎడమ కొస కొంచెం వంగి ఉన్నది. ఎవరో సాపు చేసినట్టు గీత ఉన్నది." మరికమ్మ, "తలుపుకు తగిలి వంగింది. నేనే సాపు చేసిన" అంది. తుడిచాను. "టోపీ అంచు మడిచి కుట్టిన్రు. చెవి కింద కుట్టు ఊడింది, మళ్ల కుట్టుకున్నరు. రెండో కుట్టు మొదటి లెక్క లేదు." లేసు మొత్తం నా గుడ్డలోకి వచ్చేసింది. "మెడల పూసలు నల్లగున్నయి. ఎర్ర పగడాలేమో, నలుపు తెలుపు ఫోటోల తెల్వది." "నల్లవే" అంది ఆమె. అంతకుముందు నెల రోజులు ఆ ఫోటోనే చూశాను. ఆ ఊడిన కుట్టు ఒక్కసారి కూడా చూడలేదు. చూడాలనుకున్నది ఒక్కటి దొరకగానే మిగతాది చూడటం మానేశానన్నమాట.

జుమ్మా అజాన్ వినిపించింది. "నమాజుకు పోవా?" అంది బీబమ్మ. "ఇయ్యాల ఈడనే" అని సాబ్ కదలలేదు. తుడిచిన చోట మాసిన రంగు సరిచేయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నీలం కొంచెం, బూడిద కొంచెం, చెవి పక్కన కాస్త పసుపు. చివరికి బోడి కొసల మీద ఇనుము రంగు చుక్కలు పెట్టాను. మరికమ్మ లేచి చూసింది. చాలాసేపు చూసి, వాళ్ల భాషలో ఏదో ఒక్క మాట అంది. మాకు అర్థం కాలేదు, ఆమె చెప్పలేదు. ముక్కు తుడుచుకుని, "జీపుల ఎట్ల పట్టుకుపోదాం, పచ్చిగున్నది కదా" అని రాములును అడిగింది. బొమ్మ నిలబడిందని అప్పుడు తెలిసింది.

సాబ్ ఎప్పటిలా కింద మూలలో తన పేరు రాయమన్నాడు. రాశాను. "దాని పక్కన నీది రాయి" అన్నాడు.

"నేనా? గింత తప్పు చేసినంక?"

"తప్పు చేస్తివి కాబట్టే రాయి. రేపు ఎవరన్న వచ్చి గిదేందని అడుగుతే నిన్ను అడగాలె. పేరంటే మెప్పుకు కాదే, పట్టుకునేటందుకు."

బల్ల మీంచి ఓదెలు తన తండ్రి ఫోటో తీసి నా చేతికే ఇచ్చాడు. సాబ్ చేతికి కాదు. "ఉన్నది ఉన్నట్టు చెయ్యి. మా నాయినకు చెవి తెగి ఉంటది, గదీ పెట్టు" అన్నాడు. దుకాణం ఇంకో ఏడేళ్లు నడిచింది. సాబ్ కళ్లు పూర్తిగా పోయాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా వచ్చేవారు. అప్పటి నుంచి నగలు పెట్టమని ఎవరైనా అడిగితే, "ఆమె పెట్టుకునేదా?" అని అడిగేదాన్ని. కొందరు కోపంతో వెళ్లిపోయారు. కొందరు కూర్చుని, తల్లి నిజంగా ఏం కట్టుకునేదో గుర్తు చేసుకున్నారు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాతి వారం మా అత్తను నా టోప్లీలు అడిగాను. ఆమె అరిచింది, తండా నాయక్‌ను పిలుస్తానంది. చివరికి సందూకు తెరిచి నా ముందు విసిరేసింది. నేనే అల్లి కట్టుకుని, బస్సెక్కి, దుకాణానికి పోయాను. బస్సులో మా వాళ్లు ముఖం తిప్పుకున్నారు. సాబ్ చప్పుడు విని, "ఏందే, దుకాణంలకు మేకపిల్ల వచ్చిందా?" అన్నాడు. చెప్పాను. "బాగుందా?" అన్నాడు. "బరువుంది సాబ్. చెంపలు గుంజుతున్నయి, కుంచె పట్టుకుంటే అడ్డమొస్తున్నయి" అన్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక నా చేతులతో నేనే తీసి సంచిలో వేసుకున్నాను. తర్వాత వాటిని కూతురికి ఇచ్చాను. అంతకుముందు లేవు, ఆ తర్వాతా లేవు. కానీ ఆ రెండూ ఒకటి కాదు.

సాబ్ పోయి చాలా ఏళ్లయింది. మరికమ్మ తన దేశానికి వెళ్తూ బొమ్మను తీసుకుపోయింది. అది ఏ గోడ మీదుందో, ఉందో లేదో నాకు తెలియదు. నా దగ్గర మిగిలింది సాబ్ పెట్టిన అలవాటు ఒక్కటే. మొన్నామధ్య తండాలో ఇంటింటికీ నల్లా నీళ్లు వస్తున్నాయని పంచాయతీ వాళ్లు కాగితం తెచ్చి సంతకం అడిగారు. వెనక వీధి అంతా తిరిగి చూసొచ్చాను. నాలుగిళ్లకు రావడం లేదు. "నాలుగిళ్లకు రావట్లే అని రాసి తీస్కరా, అప్పుడు పెడ్త" అన్నాను. వచ్చినవాళ్లు, "ఏంది అవ్వా, ఒక్క సంతకానికి గింత లొల్లా?" అన్నారు. అవును, ఇంత లొల్లే. నా పేరు రాయడం నాకు ముప్పై దాటాక వచ్చింది, ఊరికే పెట్టను.

ఇదీ నేను చూసి రాసిందే. నేను సరిగ్గా రాయలేదని ఎవరికైనా అనిపిస్తే అడగడానికి, ఆ శుక్రవారం దుకాణంలో ఉన్నవాళ్ల పేర్లు ఇస్తున్నాను: యాకూబ్ సాబ్. ఆయన భార్య బీబమ్మ. నర్సు మరైకె, మేం మరికమ్మ అన్న మనిషి. జీపు నడిపిన సోడె రాములు. గని పని చేసే ఓదెలు. గుడ్డ మీద, బోడి కొసలతో, మరికమ్మ తల్లి నేల్చె. నేను, ద్వాలి.